శనగ ధర రోజూ చూస్తున్నాం, చట్టం ఎవరు చూస్తున్నారు?

పగిడ్యాల: శనగ సీజనులో ఈ ప్రాంతపు వ్యాపారి రోజుకు మూడు పూటలా ధర అడుగుతాడు. పొద్దున నంద్యాల, మధ్యాహ్నం కర్నూలు, సాయంత్రం ఇండోరు, ఢిల్లీ. క్వింటాలుకు యాభై రూపాయల తేడా వస్తే ఫోను మీద ఫోను. అదే సరుకు మీద ప్రభుత్వం ఒక ఉత్తర్వు మార్చినదంటే మాత్రం, ఆ సంగతి అతని చెవిన పడేసరికి వారం దాటుతున్నది. కొన్నిసార్లు తనిఖీ జీపు గోడౌను ముందు ఆగినప్పుడే తెలుస్తున్నది. ధర తప్పితే పోయేది ఆ బేరం మీది లాభం. ఉత్తర్వు తెలియకపోతే సరుకే పోతుంది. నిత్యావసర సరుకుల చట్టం 7వ సెక్షను ప్రకారం మూడు నెలల నుంచి ఏడేళ్ల వరకు జైలు కూడా వుంటుంది.

ఈ పని చూడవలసింది ఎవరు? నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల వ్యాపారం చేసే విత్తన కంపెనీలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు, పెద్ద మిల్లులకు ‘లా ఆఫీసరు’ అనే జీతపు వకీలు వుంటాడు. సంస్థ ఏదైనా అతడి బల్ల మీదికి కాగితం వచ్చేది సాధారణంగా నోటీసు అందిన తరువాతనే. ఇక పగిడ్యాల, నందికొట్కూరు వంటి చోట్ల మండీ వ్యాపారికి గుమాస్తాయే వకీలు, ఆడిటరే సలహాదారు. ఇద్దరికీ ఒకే లోటు వున్నది. చదివిన చట్టం ఒకటి, నడుస్తున్న చట్టం మరొకటి. బి.కాం.లో మర్కంటైల్ లా పేపరు రాసిన మా వంటి వారికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఇప్పటికీ కొంత గుర్తు. అవి పెద్దగా మారలేదు కనుక సరిపోయింది. సరుకు నిల్వ చట్టం అటువంటిది కాదు.

2020లో జరిగినది చూడండి. ఆ ఏడాది జూన్‌లో ఆర్డినెన్సుగాను, సెప్టెంబరులో చట్టంగాను నిత్యావసర సరుకుల చట్టానికి ఒక సవరణ వచ్చింది. పప్పులు, నూనెగింజలు, ధాన్యం వంటి చెడిపోని సరుకుల చిల్లర ధర యాభై శాతం పెరిగితే తప్ప, ఉల్లి వంటి తోట పంటల ధర రెట్టింపు అయితే తప్ప నిల్వ పరిమితి పెట్టరాదని దాని సారాంశం. వ్యాపార వర్గాలు సంతోషించాయి. లా ఆఫీసర్లు యజమానులకు ఆ మేరకు నోట్లు రాసి ఇచ్చారు. 2021 జనవరి 12న సుప్రీం కోర్టు మిగతా రెండు వ్యవసాయ చట్టాలతో పాటు దీని అమలునూ నిలిపివేసింది. అదే ఏడాది జూలై 2న పెసలు మినహా పప్పులన్నింటి మీద నిల్వ పరిమితి వచ్చి పడింది. నవంబరు చివరకు సవరణే రద్దయింది. పదిహేను నెలలలో చట్టం వచ్చినది, ఆగినది, పోయినది. 2020లో రాసిన నోటును ఫైలులో అట్లాగే వుంచుకున్న సంస్థ ఏ ధైర్యంతో సరుకు నిల్వ చేసి వుంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

న్యాయవాదికి చదువు పట్టాతో ముగియరాదని, ఏటా కొన్ని గంటలు మళ్లీ కూర్చుని నేర్చుకోవాలని అనడానికి ఇంతకన్న పెద్ద కారణం అక్కరలేదు.

మన శనగకే వద్దాం. 2024 జూన్ 21న కేంద్రం కంది మీద, శనగ మీద నిల్వ పరిమితి విధించింది. టోకు వ్యాపారికి ఒక్కొక్క పప్పుకు 200 టన్నులు, చిల్లర దుకాణానికి 5 టన్నులు. మిల్లుకు గడిచిన మూడు నెలల ఉత్పత్తి గాని, ఏడాది స్థాపిత సామర్థ్యంలో నాలుగో వంతు గాని, రెంటిలో ఏది ఎక్కువైతే అది. సెప్టెంబరు నెలాఖరు వరకు అమలు. అంతకు మించిన సరుకు వున్నవారు దానిని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పోర్టలులో చూపి, జూలై 12 లోపల పరిమితికి దించుకోవాలి. ఆ ఉత్తర్వులో ‘కాబూలీ శనగతో సహా’ అని ఒక మాట వున్నది. మన జిల్లాకు అదే ముఖ్యం. కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ నల్లరేగళ్లలో దేశీ రకాలతో పాటు తెల్ల శనగ కూడా పండుతున్నది. దాని కొనుగోలుదారు వేరు, ధర వేరు, నిల్వ వుంచే కాలమూ వేరు.

పగిడ్యాలలో ఒక టోకు వ్యాపారి దగ్గర దేశీ శనగ 150 టన్నులు, కాబూలీ 110 టన్నులు వున్నవనుకుందాం. విడివిడిగా చూస్తే ఏదీ 200 దాటలేదు. కాబూలీ కూడా శనగే అన్నారు కనుక రెండూ కలిపితే 260. అరవై టన్నులు ఎక్కువ. ‘రెండు వేరు సరుకులు గదా’ అని గుమాస్తా ఊరుకుంటే తప్పు దొర్లినట్లే. మరొకడు ఉత్తర్వు మొదటి రోజే విని, భయపడి, కాబూలీని వచ్చిన ధరకు వదిలించుకున్నాడనుకుందాం. జూలై రెండో వారంలో, సరిగ్గా ఆ గడువు ముగిసే వేళకు, కేంద్రం కాబూలీ శనగను పరిమితి నుంచి తప్పించింది. మొదటివాడు చదవక చిక్కులో పడ్డాడు, రెండోవాడు ఒకసారి చదివి నష్టపోయాడు. గడువు చివరి రోజు దాకా పోర్టలులో నిల్వ చూపుతూ, ఉత్తర్వు మార్పులను రోజూ గమనిస్తూ, దేశీ సరుకును ముందుగా తగ్గించుకున్న వాడికి నష్టం తక్కువ. ఈ మూడో దారి చెప్పగలవాడే కంపెనీకి పనికివచ్చే వకీలు. అతడికి కావలసినది సెక్షన్ల కంఠస్థం మాత్రమే కాదు, ఏ సరుకు ముందు అమ్ముడు పోతుందో కూడా తెలియాలి.

సరుకు పట్టుబడిన తరువాత ఏమి చేయాలన్నది వేరే విద్య. ఆ విద్యకు పాఠ్యగ్రంథం వంటి కేసు మన రాష్ట్రానిదే. ఎరువులు, ఆహార ధాన్యాల వ్యాపారం చేసే ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ మీద 1975 ఆగస్టు 11న ఏలూరు విజిలెన్సు విభాగపు పోలీసు ఇన్స్పెక్టరు దాడి జరిపి సరుకు పట్టుకున్నారు. ఎమర్జెన్సీ రోజులు. 6-ఎ సెక్షను కింద విచారణ మొదలయింది. ఎరువులను వ్యవసాయ శాఖ సహాయ అధికారికి అప్పగించి రైతులకు పంచవలసిందని, ధాన్యాన్ని తహసీల్దారు ద్వారా అమ్మి సొమ్ము ట్రెజరీలో వేయవలసిందని ఉత్తర్వు అయింది. వ్యవసాయ అధికారి ఎరువులను కదిలించనే లేదు.

ఇక్కడే ఆ సంస్థ చేసిన పని గమనించాలి. సరుకు పట్టుబడినదని దిగులుపడి కూర్చోలేదు. సెప్టెంబరులోనే అర్జీలు మొదలు పెట్టింది. ఎరువు నిల్వ వుంటే చెడిపోతుంది, పంచండి, లేదా మేము చెప్పిన చోటికి పంపండి, లేదా మాకే వదలండి అని తేదీలు వేసి అధికారుల ముందు పెట్టింది. 1976లోనూ మళ్లీ పెట్టింది. జవాబు లేదు. చివరకు పెద్ద నేరమేదీ లేదని తేలి, సరుకు తెచ్చుకోవడానికి పోతే, నాణ్యమూ పోయింది, పరిమాణమూ తగ్గింది. నష్టపరిహారానికి దావా వేస్తే కింది కోర్టు డిక్రీ ఇచ్చింది. హైకోర్టు కొట్టివేసింది.

హైకోర్టు ఆధారపడిన తీర్పును బులియన్ వర్తకులు వినే వుంటారు. 1947లో అమృతసరు వ్యాపారి ఒకరు బంగారం, వెండితో మీరట్ వస్తే పోలీసులు పట్టుకున్నారు. ఆ బంగారాన్ని ఠాణాలో పెట్టిన హెడ్ కానిస్టేబులు దానితో పాకిస్తాను పారిపోయాడు. అది ప్రభుత్వపు సార్వభౌమాధికార విధి కనుక నష్టానికి ప్రభుత్వం బాధ్యురాలు కాదని కస్తూరీలాల్ కేసులో సుప్రీం కోర్టు 1964లో చెప్పింది. ముప్పయి ఏళ్లు ఆ మాటే నిలబడింది.

నాగేంద్రరావు కేసులో 1994 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు వేరే దారి పట్టింది. నిత్యావసర సరుకుల చట్టం కింద పట్టుకున్న సరుకును అధికారి అజాగ్రత్త వల్ల చెడగొడితే ప్రభుత్వం పరిహారం ఇచ్చి తీరాలని, సార్వభౌమత్వం చాటున దాగరాదని తీర్పు చెప్పింది. దాడికీ తీర్పుకూ మధ్య పందొమ్మిదేళ్లు. అన్నేళ్ల తరువాతనైనా గెలవడానికి సిద్ధాంతం ఎంత పనికివచ్చిందో, తేదీలు వేసిన ఆ అర్జీలూ అంతే పనికివచ్చాయని ఈ రచయిత అభిప్రాయం. సరుకు చెడిపోతుందని ముందే హెచ్చరించినట్లు కాగితం లేకపోతే అజాగ్రత్త ఎవరిదని కోర్టు అడిగేది. మన మండీలలో సరుకు పట్టుబడితే ఏం చేస్తున్నారో అందరికీ తెలిసినదే. తెలిసినవారి ద్వారా మాట చెప్పిస్తారు, అర్జీ మాత్రం రాయరు.

ఏలూరు కేసులో సరుకు వుండి చెడిపోయింది. గోడౌనులో సరుకు వున్నదో లేదో కూడా చూడకుండా డబ్బు పోగొట్టుకున్న కేసు ముంబయిది. నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజి 2013 జూలై 31న వ్యాపారం నిలిపివేసినప్పుడు సుమారు 13,000 మంది మదుపరుల సొమ్ము 5,600 కోట్ల రూపాయలు చిక్కుకుపోయింది. అక్కడ ఒకే సరుకును ఒకే రోజు రెండు దిక్కుల బేరం చేసేవారు. రెండు రోజుల్లో డెలివరీ అయ్యే కొనుగోలు ఒకటి, పాతిక రోజులకో ముప్పయి ఆరు రోజులకో డెలివరీ అయ్యే అమ్మకం మరొకటి. మధ్య తేడా ఖాయమైన రాబడి. మదుపరికి అది వడ్డీ లాగా కనిపించింది, చాలామంది బ్రోకర్లు అట్లాగే చెప్పి అమ్మారు.

చట్టం చదివిన వాడికి ఇక్కడ ఒక అంకె తగలవలసింది. 1952 నాటి వాయిదా కాంట్రాక్టుల చట్టం ప్రకారం తక్షణ డెలివరీ బేరమంటే పదకొండు రోజుల లోపల సరుకూ సొమ్మూ చేతులు మారాలి. 2007లో ఆ ఎక్స్ఛేంజికి కేంద్రం ఇచ్చిన మినహాయింపు ఒక్కరోజు కాంట్రాక్టులకు మాత్రమే. అందులోనూ చేతిలో లేని సరుకును సభ్యులు అమ్మరాదని, రోజు ముగిసేసరికి మిగిలిన బేరాలు డెలివరీకి పోవాలని షరతు. పాతిక రోజుల కాంట్రాక్టు ఆ షరతులలో ఎట్లా ఇమిడింది? 2012లోనే ప్రభుత్వం ఆ ప్రశ్న వేసి నోటీసు ఇచ్చింది. అంతకు ముందే పెద్ద పెద్ద సంస్థల ఖజానాల సొమ్ము కూడా అందులో పడింది. ఆ సంస్థలకు జీతపు వకీళ్లు లేకపోలేదు. 2022 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు ఆ ఎక్స్ఛేంజిని మహారాష్ట్ర డిపాజిటుదారుల రక్షణ చట్టం కింద ఆర్థిక సంస్థగానే లెక్కించాలని తేల్చింది. సరుకు బేరమని తలచినది డిపాజిటు అయి కూర్చుంది.

ఆ పదకొండు రోజుల లెక్క మనకూ వర్తిస్తుంది. 2015లో పాత చట్టం రద్దయి, సరుకుల వాయిదా వ్యాపారం సెబీ కిందికి పోయినప్పుడు, ఈ నిర్వచనం సెక్యూరిటీల కాంట్రాక్టుల చట్టంలోకి చేరింది. నెల తరువాత సరుకు ఇస్తానని మిల్లుతో చేసుకునే బేరం తప్పు కాదు. ఫలానా సరుకు, ఫలానా వారికి, చేతులు మారకుండా నిజంగా డెలివరీ అయితే ఆ చట్టం అడ్డురాదు. అదే డెలివరీ ఆర్డరు మూడు చేతులు మారి, చివరకు ధర తేడా మాత్రం ఇచ్చిపుచ్చుకుంటే సంగతి వేరు. దళారీలు వాట్సాపులో పంపే రెండు ముక్కల బేరపు చీటీలో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

వాయిదా మార్కెటు సంగతీ అటువంటిదే. 2021 ఆగస్టులో శనగ కొత్త కాంట్రాక్టులు నిలిచాయి. డిసెంబరులో బాసుమతి కాని వరి, గోధుమ, శనగ, ఆవాలు, సోయా, పామాయిలు, పెసలు మొత్తం ఏడింటిని సెబీ ఏడాది పాటు ఆపింది. ఆ నిలుపుదలను పొడిగిస్తూ పోయి 2025 మార్చిలో మరో ఏడాది, 2026 మార్చి 31 వరకు, సాగదీసింది. ఎన్.సి.డి.ఇ.ఎక్స్. ధరకు ఇంత ఎక్కువ, ఇంత తక్కువ అని సరఫరా ఒప్పందం రాసుకున్న మిల్లుకు ఆ ధరే లేకపోతే ఏ ధర? ఒప్పందం రాసేటప్పుడు ఒక్క వాక్యం చేర్చి వుంటే పోయేది.

చెక్కుల విషయం అందరికీ అనుభవమే కనుక క్లుప్తంగా చెప్పవచ్చు. చెక్కు తిరిగి వచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 రోజులలో నోటీసు, అది అందిన తరువాత 15 రోజుల గడువు, ఆపైన నెలలో ఫిర్యాదు. ఇంతవరకు గుమాస్తాలకూ కంఠపాఠం. 2025 సెప్టెంబరు 19న సుప్రీం కోర్టు ఒక కేసులో ఇచ్చిన తీర్పు ఎందరు చూశారు? చెక్కు కోటి రూపాయలది. నోటీసులో రెండు కోట్లు అడిగారు. టైపు పొరపాటన్నారు. చెక్కు మొత్తమూ నోటీసు మొత్తమూ ఒకటి కాకపోతే నోటీసు చెల్లదని, పొరపాటన్న సాకు పనికిరాదని కోర్టు చెప్పింది. వడ్డీ, హమాలీ, కమీషను అన్నీ కలిపి ఒకే అంకె వేసి నోటీసు పంపే అలవాటు వున్నవారు చెక్కు మొత్తాన్ని విడిగా, స్పష్టంగా అడగడం నేర్చుకోవాలి.

ఇన్ని మార్పులు వస్తున్నా మన దేశంలో వకీలు మళ్లీ చదివి తీరాలన్న నిబంధన లేదు. ఆడిటర్లకు ఏటా ఇన్ని గంటల శిక్షణ అని వారి సంస్థ లెక్క పెడుతుంది, కంపెనీ సెక్రటరీలకూ అట్లాగే. వకీలు అఖిల భారత బార్ పరీక్ష ఒకసారి గట్టెక్కితే ఆపైన అడిగేవారు లేరు. అమెరికాలో మిన్నెసోటా, అయోవా రాష్ట్రాలు 1975లోనే నిర్బంధ శిక్షణ పెట్టాయి. ఇంగ్లండులో సొలిసిటర్లకు గంటల లెక్క వుండేది. గంటలు నింపడమే పని అయిపోతున్నదని 2016లో ఆ పద్ధతి తీసివేసి, నీకేమి రాదో నీవే గుర్తించి నేర్చుకో, రుజువు వుంచుకో అన్నారు. రెండో పద్ధతే మేలని తోస్తున్నది. హాజరు పట్టీ మీద సంతకం చేసి కాఫీ తాగి వచ్చే శిక్షణలు మన వైపు చాలా చూశాం.

జీతపు వకీలు స్థితి మరీ విచిత్రం. బార్ కౌన్సిలు 49వ నిబంధన ప్రకారం పూర్తికాలపు జీతగాడు న్యాయవాద వృత్తి చేయరాదు. ఉద్యోగంలో చేరితే ప్రాక్టీసు ఆపినట్లు కౌన్సిలుకు తెలపాలి. దీని ఫలితం 2025 అక్టోబరు 31న సుప్రీం కోర్టు తీర్పులో బయటపడింది. న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య మాటలకు సాక్ష్య అధినియమం 132వ సెక్షను ఇచ్చే గోప్యత కంపెనీ జీతపు వకీలుకు లేదని కోర్టు స్పష్టం చేసింది. 134వ సెక్షను కింద కంపెనీ న్యాయ సలహాదారుతో జరిగిన సంప్రదింపులకు కొంత రక్షణ వున్నా, యజమానికీ జీతపు వకీలుకూ మధ్య నడిచినదానికి అది వర్తించదన్నది. ‘మా లా ఆఫీసరుకు రాసినది గదా, ఎవరు చూస్తారు’ అనుకుని నిల్వల గురించి, చూపని సరుకు గురించి రాసే సందేశాలు రేపు బయటికి రావచ్చు. యజమానులు ఈ తీర్పు సంగతి తమ వకీలును తప్పక అడిగి తెలుసుకోవాలి. అతడికే తెలియకపోతే అదొక సమాచారం.

శిక్షణకు చోటు లేదనడానికి లేదు. హైదరాబాదులో 1998 నుంచి నల్సార్ వున్నది. విశాఖలో 2008లో వచ్చిన న్యాయ విశ్వవిద్యాలయం మన కర్నూలు జిల్లా బిడ్డ దామోదరం సంజీవయ్య పేరు మీదనే వున్నది. దూరవిద్య డిప్లొమాలు వున్నాయి. అయితే అక్కడ చెప్పే కంపెనీ చట్టం, పేటెంటు చట్టం మన మండీకి అక్కరకు వచ్చేది తక్కువ. శనగ, పత్తి, బియ్యం, విత్తనం, వీటి మీద ఉత్తర్వులు ఎట్లా వస్తాయి, ఎక్కడ చూడాలి, సరుకు పట్టుబడితే మొదటి మూడు రోజులలో ఏ కాగితాలు పెట్టాలి అన్నది చెప్పే వారు కావాలి. అది చెప్పగలవారు జిల్లా కోర్టులలో 6-ఎ కేసులు నడిపిన పాత వకీళ్లు, రిటైరయిన సరఫరా అధికారులు. చిన్న వ్యాపారి ఒక్కడే లా ఆఫీసరును పెట్టుకోలేడు. పదిమంది మిల్లర్లు, కమీషను ఏజెంట్లు కలిస్తే మూడు నెలలకొక పూట ఇటువంటి వారిని పిలిపించుకోవచ్చు. పెద్ద కంపెనీలు తమ లా ఆఫీసర్లను ఆ పూటకు పంపినా తప్పులేదు. నిత్యావసర సరుకుల చట్టం 10వ సెక్షను ప్రకారం కంపెనీ నేరానికి వ్యవహారం చూసే ప్రతి మనిషీ జవాబుదారు గనుక, మేనేజర్లు కూడా పక్కన కూర్చుంటే మంచిది.

మొదటి పూటకు హోటలు హాలు అక్కర లేదు. ఏదో ఒక గిడ్డంగి చాలు. స్టాకు రిజిస్టరు, గేటు పుస్తకం, తూకం చీటీలు బల్ల మీద పెట్టి, పోర్టలులో చూపిన నిల్వతో ఈ మూడింటి అంకెలు కలుస్తున్నాయో లేదో చూడమని వకీలుకు ఒక గంట ఇవ్వాలి. తరువాత గోడౌనులోకి తీసుకుపోయి ఏది దేశీ, ఏది కాబూలీ అని అడగాలి.